పదమూడు నెలల ఏడాది

2025 ఫిబ్రవరి 9, ఆదివారం, రాజమండ్రి

ఫోన్ బిల్లు వచ్చింది. 1,178 రూపాయల 82 పైసలు. ప్లాను 999, దాని మీద 18 శాతం జీఎస్టీ. పోస్ట్‌పెయిడ్ ధర చెప్పేటప్పుడు పన్ను కలపకుండా చెబుతారు, బిల్లులో కలుపుతారు. ప్రీపెయిడ్‌లో చెప్పిన ధరలోనే పన్ను ఉంటుంది. ఇన్నేళ్లుగా 999 అనే అనుకుంటూ వచ్చాను. డబ్బు బ్యాంకు ఖాతాలోంచి దానంతట అదే పోతుంటే ఇక చూసేదెవరు?

ఇవాళ పప్పు పొయ్యి మీద పెట్టి, అది ఉడికేలోగా బిల్లు రెండో పేజీ తెరిచాను. నాలుగు నంబర్లు. మావారిది, నాది, అమ్మది, అబ్బాయిది. అబ్బాయి నంబరు ఎదురుగా మాటలు సున్నా, డేటా సున్నా, మెసేజ్‌లు సున్నా.

వాడు హైదరాబాదులో ఉద్యోగంలో చేరి రెండేళ్లు దాటింది. ఆఫీసువాళ్లు ఇచ్చిన నంబరే వాడుతున్నాడు. పాత సిమ్ ఏం చేశావురా అని ఫోన్ చేసి అడిగితే, "నా బీరువా సొరుగులో ఉంటుంది చూడమ్మా" అన్నాడు. చూశాను. పదో తరగతి మార్కుల జాబితా కింద, చిన్న ప్లాస్టిక్ కవర్లో ఉంది.

ఫిబ్రవరి 11, మంగళవారం

ఏది మార్చాలన్నా ముందు వాడకం తెలియాలి. ఫోన్ సెట్టింగుల్లో నెలకు ఎంత డేటా వాడామో కనిపిస్తుంది. నాది 1.8 జీబీ. మావారిది 2.6. ఇంట్లో వైఫై ఉంది, సినిమాలూ పాటలూ దాని మీదే నడుస్తాయి. బయటికి వెళ్తే వాట్సాప్, చెల్లింపులు, అప్పుడప్పుడు దారి చూపించే మ్యాపు. అంతే. అమ్మది కీప్యాడ్ ఫోను, దానికి డేటాతో పనే లేదు. మా ప్లాను మాత్రం నెలకు 150 జీబీ ఇస్తోంది.

ఐదు జీబీ కూడా దాటని ఇంటికి నూటయాభై జీబీ! బియ్యం బస్తా లెక్కలో మనం ఇలా చేస్తామా?

ఫిబ్రవరి 12

మావారికి చెప్పాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. ఆయన మాటలోనూ న్యాయం ఉంది, అందుకే రాసి పెడుతున్నాను. 2004లో ఎరువుల కంపెనీ పని మీద జంగారెడ్డిగూడెం, చింతలపూడి తిరిగే రోజుల్లో ఆయన దగ్గర ప్రీపెయిడ్ ఉండేది. డీలరుతో ధర మాట్లాడుతుండగా బ్యాలెన్స్ అయిపోతే, చుట్టుపక్కల కార్డు అమ్మే కొట్టు ఉండేది కాదు. దొరికినా, 300 పెట్టి కొన్న కార్డులో పన్నూ రుసుమూ పోగా మిగిలిన దానికే మాటలు. వెండి పూత గీకి, ఎండలో అంకెలు కొట్టి, తప్పు పడితే మళ్లీ కొట్టి. అప్పుడు పోస్ట్‌పెయిడ్‌కు మారడం సరైన పనే.

"మధ్యలో ఆగిపోదన్న ధైర్యానికే కదా కడుతున్నాం" అన్నారు.

ఆ ధైర్యం ఇప్పుడు ప్రీపెయిడ్‌లోనూ ఉంది. ఏ ప్యాక్ వేసుకున్నా మాటలకు పరిమితి లేదు, గడువు ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. 2004 నాటి భయానికి 2025లో నెలనెలా కిస్తీ కట్టడం ఎందుకని అడిగాను. ఆలోచిస్తానన్నారు.

ఫిబ్రవరి 16, ఆదివారం

అమ్మ మిస్డ్ కాల్. రెండు రింగులు, కట్. నేను తిరిగి చేశాను. రోజూ ఇంతే. అమ్మా, నువ్వు ఎంతసేపు మాట్లాడినా పైసా పడదు అని ఎన్నిసార్లు చెప్పినా, "సర్లే, నువ్వే చెయ్యి" అంటుంది.

ఆవిడ తరానికి ఫోనంటే నిమిషం లెక్క. నాన్న పోయాక తాతగారింటికి కబురు చెప్పడానికి పసుపు రంగు బోర్డు ఉన్న ఎస్టీడీ బూత్‌లో నిలబడి, గోడ మీద ఎర్ర అంకెలు మారుతుంటే వాటివంకే చూస్తూ మాట్లాడింది. రాత్రి పొద్దుపోయాక రేటు తగ్గుతుందని పెద్ద కబుర్లన్నీ అప్పటిదాకా దాచేవాళ్లం. సెల్‌ఫోన్లు వచ్చాక ఇంకా ఘోరం. మన దేశంలో మొదటి సెల్‌ఫోన్ సంభాషణ 1995 జులై 31న జరిగింది, కలకత్తా నుంచి అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలో ఉన్న కేంద్ర టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. ఆ రోజుల్లో చేసినవాళ్లూ కట్టాలి, ఎత్తినవాళ్లూ కట్టాలి. ఎత్తడానికి డబ్బు పోవడం 2003లో ఆగింది. 2009లో సెకనుకు పైసా వచ్చింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక నిమిషాల లెక్కే పోయింది.

లెక్క పోయినా అలవాటు పోలేదు. ఒక రింగు అంటే చేరాను, రెండు రింగులు అంటే తిరిగి చెయ్యి. ఈ భాషను మన జనం పైసా పైసా కూడబెట్టి తయారుచేసుకున్నారు.

ఫిబ్రవరి 20, గురువారం

కోటగుమ్మం దగ్గర రీఛార్జ్ కొట్టుకు వెళ్లాను. కొట్టతను ఓపికగా అన్నీ చెప్పాడు. చీటీ మీద రాసుకొచ్చింది ఇక్కడ ఎక్కిస్తున్నాను.

మాటలూ కొంచెం డేటా, 28 రోజులకు 199. అంటే రోజుకు 7 రూపాయల 11 పైసలు. మాటలకే అయితే 84 రోజులకు 469, రోజుకు 5 రూపాయల 58 పైసలు. ఏడాదికి మాటలకే అయితే 1,849, రోజుకు 5 రూపాయల 7 పైసలు. ఏడాదికి మాటలతో పాటు మొత్తం మీద 30 జీబీ కావాలంటే 2,249.

"ఏడాదిది వేయించేసుకోండి మేడమ్, మళ్లీ మళ్లీ గొడవుండదు" అన్నాడు.

మాటలకే పరిమితమైన ఈ రీఛార్జులు కంపెనీలు తమంతట తాము పెట్టినవి కావు. డేటా అక్కర్లేనివాళ్లకు మాటలూ మెసేజ్‌లూ మాత్రమే ఉండే వోచర్ అమ్మి తీరాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరు 23న నిబంధన తెచ్చింది. వోచర్ గడువు 90 రోజులు దాటకూడదన్న పాత హద్దును 365 రోజులకు పెంచింది కూడా. ఆ తర్వాత జనవరిలో ప్రైవేటు కంపెనీలు ఇవి అమ్మకానికి పెట్టాయి. అమ్మలాంటి వాళ్ల కోసం ఎవరో ఒకరు ఆలోచించారు. అది తెలిసి సంతోషమేసింది.

ఇంటికొచ్చి చీటీ మావారి ముందు పెట్టాను. ఇద్దరికీ 2,249 చొప్పున, అమ్మకు 1,849. మొత్తం 6,347. ఇప్పుడు ఏడాదికి కడుతున్నది 14,145 రూపాయల 84 పైసలు. తేడా 7,798 రూపాయల 84 పైసలు.

"మార్చేద్దాం" అన్నారు.

ఫిబ్రవరి 23

అబ్బాయి నంబరు ఆపేసే ముందు ఒక అనుమానం వచ్చి, ఆ నంబరు ఎక్కడెక్కడ ఇచ్చావో చూసుకోరా అన్నాను. చూసుకుని గంటలో ఫోన్ చేశాడు. ఆధార్‌కు ఆ పాత నంబరే ఉంది! ఆపేసిన నంబరును కొన్నాళ్లకు ఇంకొకరికి ఇస్తారు. అప్పుడు వాడి ఓటీపీలు ఎవరి చేతికి వెళ్లేవో. సొరుగులోంచి సిమ్ తీసి కొరియర్ చేశాను. ఆధార్ కేంద్రానికి వెళ్లి, 50 రూపాయలు కట్టి, వేలిముద్ర వేసి మార్చుకుంటానన్నాడు. అది మారాకే ఆపేది.

ఫిబ్రవరి 26, శివరాత్రి

కోటిలింగాల రేవులో స్నానం. ఇవాళ లెక్కలు లేవు.

మార్చి 2, ఆదివారం

ఇది వివరంగా రాయాలి.

మా ఇంట్లో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నావిడ పొద్దున గిన్నెలు తోముతూ, "అమ్మగారూ, మీ ఫోను ఓసారి ఇత్తారా, నాది ఆగిపోయింది" అంది. కూతురికి చేసి మాట్లాడింది. తర్వాత అడిగితే చెప్పింది. రీఛార్జ్ శుక్రవారంతో అయిపోయిందట. శనివారం కూతురు అత్తారింటి నుంచి నాలుగుసార్లు చేసిందట, మనవడికి జ్వరం. ఈవిడ తిరిగి చేయలేకపోయింది.

"నెలకోసారి అనుకుంటానమ్మగారూ. నెల కాకముందే అయిపోద్ది. నాకు డబ్బులొచ్చేది ఒకటో తారీకున. అదేమో ఓసారి ఇరవై ఎనిమిదికి, ఓసారి పాతిక్కి, ఓసారి ఇరవైకి..."

తారీకు ప్రతిసారీ వెనక్కి జరుగుతోందని ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టి చూపించింది. 28 రోజులకొకసారి అంటే ఏడాదికి పదమూడు రీఛార్జులు. మనకు పన్నెండు నెలలు, ఆవిడ ఫోనుకు పదమూడు. 199 చొప్పున 2,587 రూపాయలు. ఆవిడదీ కీప్యాడ్ ఫోనే. దాంతో వచ్చే డేటా ఆవిడ ఎన్నడూ వాడలేదు, వాడటం కుదరదు కూడా.

నేను అమ్మకు ఏడాదికి 1,849 కట్టబోతున్నాను. అదే మాటలకు ఈవిడ 738 రూపాయలు ఎక్కువ కడుతోంది. ఎందుకని? ఒక్కసారే తీసి ఇవ్వడానికి ఆవిడ చేతిలో 1,849 ఉండవు, నా దగ్గర ఉంటాయి. పొదుపు చేయడానికి కూడా ముందు డబ్బుండాలన్నమాట. నెల సరుకులు గంపగుత్తగా తెచ్చుకునే మాకు కిలో ఒక ధర, రోజుకు పావుకిలో కొనుక్కునే ఆవిడకు ఇంకో ధర. ఇన్నాళ్లూ ఇది కిరాణా కొట్టులోనే ఉందనుకున్నాను.

రాత్రంతా ఇదే మనసులో తిరిగింది.

మార్చి 4

కొట్టతన్ని అడిగాను, మాటలకే సరిపోయే రీఛార్జ్ నెల గడువుతో లేదా అని. లేదన్నాడు. 84 రోజులది, ఏడాదిది, అవే. నెల పూర్తిగా ఉండే ప్యాక్‌లు డేటాతో కలిపి ఉన్నాయట, ఎవరూ అడగరట. ప్రతి కంపెనీ 30 రోజుల గడువు ఉన్నదొకటి, ప్రతి నెలా ఒకే తారీకున పడేదొకటి తప్పకుండా పెట్టాలని ట్రాయ్ 2022 జనవరిలోనే ఉత్తర్వు ఇచ్చింది. ఉన్నట్టు తెలియనిది ఎవరు అడుగుతారు?

మార్చి 10, సోమవారం

మారే పని మొదలైంది. క్రమం రాసి పెడుతున్నాను, ఎవరికైనా పనికొస్తుంది.

ముందు బాకీ మొత్తం కట్టాలి, బిల్లు పడని రోజులతో సహా. మాది కుటుంబం ప్లాను కాబట్టి మిగతా మూడు నంబర్లను విడదీసి, ప్లాను పేరున్న మావారి నంబరును ఆఖర్న మార్చారు. అబ్బాయి ఆధార్ పని అయిపోయింది, వాడి నంబరు ఆపించేశాం. కంపెనీ మారకుండా పోస్ట్‌పెయిడ్ నుంచి ప్రీపెయిడ్‌కు వెళ్లడానికి ఓటీపీ చెబితే చాలని 2021లో టెలికాం శాఖ వీలు కల్పించింది. నంబరు మారదు. మళ్లీ వెనక్కి రావాలంటే కొన్నాళ్లు ఆగాలి. కౌంటరులో అమ్మాయి, "ఇంకో మంచి ప్లాన్ ఇస్తాం మేడమ్, ఉండిపోండి" అని మూడుసార్లు అడిగింది. ఆ అమ్మాయి ఉద్యోగం అది. వద్దని మూడుసార్లు చెప్పాను.

బ్యాంకులో ఆటోపే రద్దు చేయడం మరిచిపోకూడదు. మేం ముందు రోజే చేశాం.

మార్చి 11

మావారి సిమ్ పాతదై అరిగిపోయిందని కొత్తది ఇచ్చారు. సిమ్ మార్చిన 24 గంటలపాటు మెసేజ్‌లు రావు, పోవు. మన పేరున దొంగ సిమ్ తీసి ఓటీపీలు లాగేవాళ్లను అడ్డుకోవడానికి పెట్టిన కట్టుబాటు ఇది. మంచిదే. కానీ ఇవాళే కరెంటు బిల్లుకు ఆఖరు తేదీ. నా ఫోను నుంచి కట్టాను. సిమ్ మార్చే రోజు చెల్లింపులేవీ పెట్టుకోకూడదు.

మార్చి 13, గురువారం, అంబాజీపేట దగ్గర మా ఊరు

రావులపాలెం మీదుగా బస్సులో వచ్చాను. అమ్మ ఫోనుకు ఏడాది డబ్బు ఒకేసారి కట్టేముందు సిగ్నల్ సొంతంగా చూసుకోవాలనుకున్నాను. వంటింట్లో, మంచం దగ్గర, పెరట్లో కొబ్బరిచెట్ల కింద నిలబడి మాట్లాడి చూశాను. వంటింట్లో కొంచెం తడబడింది, మిగతా చోట్ల బాగుంది. తర్వాత నచ్చక వేరే కంపెనీకి మారితే మిగిలిన ప్రీపెయిడ్ గడువూ డబ్బూ మనతో రావు. అందుకే ఈ జాగ్రత్త.

అమ్మ నంబరు అసలు ప్రీపెయిడే. 2006లో 999 కట్టి "లైఫ్‌టైమ్" అంటే తీసుకున్నాం. జీవితాంతం ఫోన్లు వస్తాయని చెప్పారు, అమ్మ ఆ రసీదు కూడా దాచింది. 2018 చివర్లో 28 రోజులకు 35 రూపాయలు వేయకపోతే ఫోన్లు రావన్నారు. మాట ఇచ్చి తప్పారు. అప్పుడే విసిగిపోయి మా కుటుంబం ప్లానులో కలిపేశాం. ఆ 35 రూపాయలు ఇప్పుడు మా కొట్టులో 199.

1,849 వేశాను. "ఇదిగో అమ్మా, సంవత్సరం పొడుగునా నువ్వు ఎవరికి చేసినా, ఎంతసేపు మాట్లాడినా డబ్బు కట్టేశాం. చెయ్యకపోతే ఆ డబ్బు పోయినట్టే" అన్నాను. ఇన్నేళ్లూ "పైసా పడదు" అంటే నమ్మని మనిషి, "కట్టేశాం" అంటే నమ్మింది. సాయంత్రం తనే నంబరు కొట్టి భీమవరంలో ఉన్న పిన్నితో మాట్లాడింది. కట్ చెయ్యలేదు.

మార్చి 19

డల్లాస్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. మేం మారామని చెబితే, "నేను వచ్చిన కొత్తలో ప్రీపెయిడే తీసుకున్నానమ్మా" అంది. అక్కడ పోస్ట్‌పెయిడ్ ఇవ్వాలంటే అప్పు తీర్చిన చరిత్ర చూస్తారట. కొత్తగా దిగిన మన పిల్లలకు అది ఉండదు. మూడు నెలలకోసారి ముందే కట్టేస్తే చవక. ఉద్యోగం వచ్చాక కూడా మార్చలేదట. ఇక్కడి బ్యాంకు ఓటీపీల కోసం ఇండియా నంబరు కూడా బతికించుకుంటోంది, దాని గడువు వాళ్ల వంటింటి క్యాలెండరు మీద రాసుందట. నాకంటే ముందే నేర్చుకుంది.

మార్చి 22

సంచార్ సాథీ పోర్టల్‌లో మన పేరున ఎన్ని నంబర్లున్నాయో కనిపిస్తుంది. మావారి పేరున ఇప్పుడు మూడే. తృప్తిగా ఉంది.

మార్చి 30, ఉగాది

విశ్వావసు. పచ్చడి, పంచాంగం, కందాయ ఫలాలు. ఆదాయ వ్యయాలు చదువుతుంటే మావారు నావైపు చూసి నవ్వారు.

ట్రాయ్‌కు ఉత్తరం రాశాను. ఏదైనా నిబంధన తెచ్చేముందు ఆ సంస్థ చర్చాపత్రం పెట్టి జనం అభిప్రాయాలు అడుగుతుంది, కాబట్టి మనం రాయాలి. రెండే మాటలు రాశాను. మాటలకే సరిపోయే రీఛార్జ్ నెల గడువుతో కూడా ఉండాలి. దాని ధర ఏడాది రీఛార్జ్‌లో రోజుకు పడే ధరను మించకూడదు. రోజుకు 5 రూపాయల 7 పైసల చొప్పున 30 రోజులకు 152 అవుతుంది. అది అడిగాను. ఫోను ఇప్పుడు విలాసం కాదు. జ్వరం కబురు దాని మీదే వస్తుంది, పని ఉందన్న పిలుపు దాని మీదే వస్తుంది. ఆ పిలుపు ధర మనిషి చేతిలో ఒక్కసారిగా ఎంత డబ్బుందో దాన్నిబట్టి మారడం తప్పు.

ఏప్రిల్ 3, గురువారం

పనావిడతో మాట్లాడాను. నేను ముందు 1,849 కడతాను, నెలకు 155 చొప్పున ఇస్తే పన్నెండు నెలల్లో తీరిపోతుందన్నాను. ఆవిడ వెంటనే సరేననలేదు. రెండు ప్రశ్నలు అడిగింది.

"ఫోను పోతేనో?"

పోతే అదే నంబరుకు కొత్త సిమ్ ఇస్తారు, గడువు అలాగే ఉంటుందని చెప్పాను.

"నేను మానేత్తేనో?"

మానేసినా ఫోను నీదే, బాకీ వీలున్నప్పుడు తీర్చు అన్నాను. కాసేపు ఆలోచించి, "నెలకి నూటయాబై ఇత్తాను. ఆఖర్న మిగిలింది ఒకేసారి ఇత్తాను. జీతంలో పట్టుకోవద్దు, నేనే ఇత్తాను" అంది. ఆ మాట నాకు నచ్చింది.

మిగిలిన 7,798లోంచి తీసిన డబ్బుకు ఇంతకంటే మంచి పని లేదు. ఈ మాట ఆవిడతో చెప్పలేదు, అప్పు అప్పుగానే ఉండాలి.

ఏప్రిల్ 7, సోమవారం

శ్రీరామనవమి నిన్న వెళ్లింది. ఇవాళ కోటగుమ్మం కొట్టులో ఆవిడ నంబరుకు ఏడాది రీఛార్జ్ వేయించాను. యాప్‌లో వేస్తే రెండు రూపాయలు అదనంగా పట్టుకుంటోంది, అందుకని కొట్టుకే వెళ్లాను. "గడువు తారీకు పెద్ద అంకెలతో రాసియ్యండి" అని ఆవిడే కొట్టతన్ని అడిగి, చీటీ తీసుకుని చీర కొంగున ముడేసుకుంది.

మొదటి నూటయాభై అందింది. ఆవిడ గడువు 2026 ఏప్రిల్ 6. అమ్మది మార్చి 12.

మీ ఇంట్లో, మీ వీధిలో కీప్యాడ్ ఫోను వాడే పెద్దవాళ్లుంటే, వాళ్లు 28 రోజులకు ఎంత కడుతున్నారో ఈ వారం ఒకసారి అడగండి. మాటలకే సరిపోయే రీఛార్జ్ ఒకటి ఉందని చెప్పండి. చాలామందికి తెలియదు.